సరిత కోసం కట్టిన ఇల్లు

మా చిన్నప్పుడు ఖానాపురం హవేలిలో మా ఇంటికి రోడ్డు ఉండేది కాదు... ముందు ఇల్లు లేచింది, తర్వాత కరెంటు వచ్చింది, వానాకాలమొస్తే పిక్కల దాకా బురద. వెంచర్ వాళ్ల కాగితం మీద మా ఎదురుగా పార్కు ఉంది. నేల మీద మాత్రం తుమ్మ చెట్లు, రెండు బర్రెలు.

నాన్న టీచరు. టేకులపల్లి నుంచి బదిలీ అయి వచ్చాం. అక్కడ మా దడి అవతలి ఇల్లే సరితది, నా ఈడు పిల్ల. ఇక్కడ బడి నుంచి వచ్చాక నన్ను పేరు పెట్టి పిలిచే పిల్ల ఒక్కతీ లేదు...

ఆ ఏడాదే నాన్న ఒక పాత కంప్యూటర్ తెచ్చారు. మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు ప్రార్థన. అందరం తలలు వంచి ఆమెన్ అన్నాకే స్విచ్ వేశారు. అందులో ఉన్నది ఒకే ఒక ఆట... ఊరు కట్టే ఆట.

పచ్చ గళ్లలో ఇళ్లు, నీలం గళ్లలో దుకాణాలు, పసుపు గళ్లలో ఫ్యాక్టరీలు. నేను మొదట కట్టింది టేకులపల్లినే. నేల బాగున్నచోట ఇల్లు, మధ్యలో చెట్లు, నడిచీ నడిచీ పడే బాట... మా దగ్గర అట్లాగే కడతారు కదా. ఆట ఒప్పుకోలేదు. రోడ్డు తగలని ఇల్లు నల్లబడి ఖాళీ అయ్యేది. మూడుసార్లు ఊరంతా వలసపోయాక నేర్చుకున్నాను. ముందు చెట్లు కొట్టాలి, తిన్నగా రోడ్డు వేయాలి, మనుషులు తర్వాత వస్తారు.

ఇక ఆగలేదు. పొగగొట్టాలను బడికి దూరంగా జరిపాను. పార్కు పక్కన స్థలానికి విలువెక్కువని తెలిశాక, అక్కడున్న అన్నిటికన్నా మంచి ఇంటికి సరిత పేరు పెట్టాను. తను వస్తే చూపించాలి... ఆ ఒక్క ఆశతో ఏడాదంతా కట్టాను.

ఎండాకాలంలో వచ్చింది. వాళ్లమ్మ కళ్లు చూపించుకోవడానికి దవాఖానాకు వస్తూ, సరితను మా ఇంట్లో దింపింది. సాయంత్రం బస్సుకి తీసుకెళ్తానంది. చెప్పులు విడిచీ విడవకముందే తన చెయ్యి పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

"గిదేనా నా ఇల్లు? మరి నీదేదే?"

"గదిగో, బడి పక్కన. నాలుగు గల్లీలు దాటాలె."

"నాలుగా! ఆడ దడి దుంకితే మీ ఇంట్ల పడేదాన్ని గదనే!" నవ్వింది. తర్వాత తెరకు ముఖం ఆనించి వెతికింది. "అన్నీ కార్లే ఉన్నయ్... నడిచేటోళ్లు ఏరే?"

"ఆగు, మన ఇండ్ల నడుమ తొవ్వ ఏస్త," అన్నాను. తొవ్వ కోసం ఒక వరుస ఇళ్లు పడగొట్టాను. వాటితో పాటు తీగ తెగి సగం ఊరు చీకటైంది. అది సరిచేస్తుంటే ఫ్యాక్టరీ అంటుకుంది...

"బయటికి పోదామే," అంది సరిత.

"రెండు నిమిషాలు ఆగవే."

"దూపైతుంది, నీళ్లు తాగాలె."

"అమ్మనడుగు పో."

ఎప్పుడు లేచి వెళ్లిందో నేను చూడలేదు.

"పోతున్ననే..." అని గుమ్మం దగ్గర వినబడితే తిరిగాను. వాళ్లమ్మ వచ్చేసింది.

"ఆగాగు, తొవ్వ పడ్డది, చూడు!"

సరిత అక్కడి నుంచే చూసింది. "మంచిగున్నదే," అంది. చెప్పులు వేసుకుంది.

వాళ్లు వెళ్లాక అమ్మ ఒక గుడ్డ మూట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. తునికి పండ్లు.

"నీతోటి కూసోని తిందామని ఊరి నుంచి మోసుకొచ్చింది బిడ్డా. పొద్దంత నా పక్కన చింతపండు గింజలు తీసింది. గంత పెద్ద ఊరు కట్టినవ్, గా పిల్ల కూసునేటందుకు ఇంత జాగ లేకపాయెనా?"

బస్సెక్కేలోపు పరిగెత్తి అందుకోవచ్చు... పరిగెత్తలేదు. తెర మీద మళ్లీ ఏదో అంటుకుంది. దాన్ని ఆర్పుతూనే ఒక్కదాన్నే పండ్లన్నీ తినేశాను.

ఆ తర్వాత సరిత రాలేదు. నేనూ పోలేదు. పెద్ద కారణమేమీ లేదు... డిగ్రీ, హాస్టళ్లు, మారుతూ వచ్చిన కిరాయి గదులు. ఇప్పుడు నా ఫోన్‌లో వందల పేర్లున్నాయి. ఎవరింటికి వెళ్లాలన్నా ముందు మెసేజ్ పెట్టి అడుగుతాను. నన్ను చూడ్డానికని పనిగట్టుకుని ఎవరైనా వచ్చి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు.

మీ కోసం అంత దూరం వచ్చి, మీరు తల తిప్పుతారేమోనని చూసి చూసి వెళ్లిపోయినవాళ్లు మీకూ ఉన్నారా... ఉంటే వాళ్ల పేరొక్కటి కింద రాయండి. ఒక్కదాన్నే కాదని తెలుస్తుంది.