తల్లీ, నిన్ను ఎందుకు తీస్తాండానంటే...

మా చిన్నప్పుడు... ఒక పొద్దున మా అవ్వ నా చెంప మీద కొట్టిన దెబ్బకు పోయి సద్దికుండ మీద పడినా. కుండా పగిలింది, నా పెదవీ పగిలింది.

నేను చేసిందల్లా చూరులో ఉన్న కొడవలి లాక్కొని గడ్డికి ఉరకడమే... చెప్పకుండా తీసినా, అదీ తప్పు!

మా ఇంట్లో అదొక కట్టడి. కొడవలి గానీ, గొడ్డలి గానీ, ఆఖరికి కూర తరిగే కత్తిపీట గానీ... ఇనుము ముట్టుకుంటే ముందు కండ్లకు అద్దుకోవల్ల. ఒకసారి నిదానంగా ఊపిరి తీసి విడవల్ల. "తల్లీ, గడ్డి కోయను తీస్తాండా" అని నోరు తెరిచి చెప్పల్ల. అప్పుడే పని.

"ఇనుముకు కండ్లుండవు రా నా కొడకా... అది యాడికి పోతాండాదో దానికి తెలీదు. నువ్వే చెప్పల్ల" అంటా నా రక్తం కొంగుతో తుడిచింది అవ్వ. కొట్టిందీ ఆమే, ఏడ్చిందీ ఆమే!

మాది కుందుర్పి పక్క పల్లె. ఆ యేడు వాన మొగమే చూపియ్యల్యా. మాకూ, మా నాయన దాయాది ఎర్రిస్వామి చిన్నాయనకూ కలిపి ఒకటే బాయి. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడేవాళ్ళు. ఒకదినం మా వంతు, ఒకదినం వాళ్ళ వంతు. బాయి అడుగున ఉండేది బురద నీళ్ళు... దాని మీదే మా రాగిపైరు బతకల్ల. ఆ పైరు ఎండితే ఇంట్లో సంగటి లేదు.

మా వంతు దినం. పొద్దున్నే నాయన కపిల తోలుతాండాడు, నేను కాలవ ఎంబడి పోయినా. చూస్తే మా మడికి చుక్క నీళ్ళు రావడం లేదు! చిన్నాయన మడవ తెగ్గొట్టి తన మడికి తిప్పుకున్నాడు. నేను కేకేస్తే నాయన ఉరికొచ్చినాడు.

"ఏమప్పా ఎర్రిస్వామీ, ఈ పొద్దు వంతు ఎవురిది?"

"బాయి మీ నాయన ఒక్కడే తవ్వినాడా ఏమి? పో పో, చెప్పొచ్చినావు!"

అంతే... నాయన ఎగిరి గుండెల మీద తన్నినాడు. చిన్నాయన లేసి పార తిప్పి భుజం మీద ఏసినాడు. ఇద్దరూ మడిలో పడి, గొంతులు పట్టుకొని, పండ్లతో కొరుక్కొని... మనుషులేనా అనిపించింది. చిన్నాయన ముందరి పన్ను ఊడి బురదలో పడింది. ఆయన గుండ్రాయి తీసుకొని నాయన చెవి మీద గుద్దినాడు. చెవి చీలి రక్తం కారి అంగీ అంతా ఎర్రగయింది.

నాయన లేసి నేరుగా కపిల కాడికి ఉరికినాడు. ఆడ తుమ్మమొద్దులో దిగేసిన గొడ్డలి ఉండాది! గడ్డి మోపు ఎత్తుకొని వస్తాండిన మా అమ్మ దాన్ని పారేసి "వొద్దు సామీ, వొద్దు" అని కాళ్ళకు అడ్డం పడింది. ఈడ్చి పారేసినాడు. గొడ్డలి పెరికి, చిన్నాయన మీదికి పోయినాడు. చిన్నాయన బురదలో కాలు జారి ఎల్లకిలా పడుండాడు. లేసే దారి లేదు.

అప్పుడు... నాయన చేతులు వాటంతట అవే గొడ్డలిని కండ్లకు అద్దినాయి. ఎన్నేండ్ల అలవాటో కదా! ఊపిరి తీసినాడు. "తల్లీ..." అన్నాడు.

ఆ పైన మాట రాలేదు.

ఏమని చెప్తాడు? మళ్ళీ "తల్లీ..." అన్నాడు. చెవి రక్తం గొడ్డలి మీద బొట్లు బొట్లుగా పడతాంది. కింద నుంచి చిన్నాయన "కొట్రా! మొగోడివైతే కొట్టు!" అని అరుస్తాండాడు.

నాయన గొడ్డలి పక్కన పెట్టి, గట్టు మీద కూలబడి, చిన్నపిల్లోడి మాదిరి బావురుమన్నాడు.

చిన్నాయన వచ్చి మా నాయన కాళ్ళ మీద పడినాడనుకుంటారేమో... అదేమీ లేదప్పా! లేసి, పార కట్టెతో నాయన కుడిచెయ్యి ఇరగ్గొట్టి పోయినాడు.

చెయ్యి వంకరగానే అతుక్కుంది. సగం పైరు ఎండిపోయింది. ఊళ్ళో కొన్నేండ్లు ఎగతాళి... "ఏమన్నా, గొడ్డలితో మాట్లాడినావంటనే, ఏమనింది?" అని. నాయన నవ్వేవాడు. "వంకరపోతే పోయిందిలేప్పా... మనిషిని సంపిన చెయ్యి కాలేదు కదా" అనేవాడు. ఆ పొద్దు ఒక్క ఏటు పడి ఉంటే చిన్నాయన మట్టికి, నాయన జైలుకు, ఆ తరువాత రెండిండ్ల మొగపిల్లోళ్ళు ఒకరి వెంట ఒకరు కత్తులకు... మా సీమలో అట్ల ఖాళీ అయిన ఇండ్లు మీకు తెలీనివా? నేను పెండ్లి చేసుకుందునా, నాకో బిడ్డ పుట్టునా!

ఆ బిడ్డే ఇప్పుడు అనంతపురంలో ధ్యానం నేర్పుతాండాది! చెప్పుకుంటాంటే కండ్లల్లో నీళ్ళు నిలవడం లేదు నాకు. మొన్న ఆదివారం నన్ను పిలిపించి తన కాడ నేర్చుకునేవాళ్ళందరి ముందర కుర్చీ ఏసింది. "మా నాయన చెప్తాడు, వినండి" అనింది. ఐదో తరగతితో బడి మానేసినోణ్ణి, ఆ ధ్యానానికి వాళ్ళు పెట్టుకున్న మైండ్‌ఫుల్‌నెస్ అనే పేరుకే నోరు తిరగదు... నేనేం చెప్తా? ఇదే చెప్పినా. చెప్పి లేసినాక నా బిడ్డ నన్ను కరుచుకొని ఒకటే ఏడుపు! అబ్బబ్బ... ఇంతకంటే ఏం గావల్ల సామీ నాకు!

ఆ బాయి పూడిపోయి కంపచెట్లు మొలిచినాయి. కపిలా లేదు, వంతులూ లేవు. మొన్న పొలం కొలతల కాడ మాటా మాటా వచ్చి మా తమ్ముని కొడుకు ఫోన్లో నన్ను బ్లాక్ చేసినాడు. కొట్టినా బాగుండు, ఎదురుగా ఉండేవాడు... ఈ కాలం కోపానికి ఊపిరి తీసుకునేంత తెరిపి కూడా లేదు.

మీ ఇండ్లల్లో పెద్దోళ్ళు పెట్టిన ఇట్లాంటి కట్టడి ఏదన్నా ఉండెనా? ఎప్పుడన్నా ఎవురి ప్రాణమన్నా నిలబెట్టిందా? కింద రాయండప్పా... ఒక్కోటీ నా బిడ్డకు చదివి వినిపిస్తా.