ఓబ్దూలియో కారు కింద పందికొవ్వు

ఓబ్దూలియో వెర్డేసియాను మన్సానియో ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. ఇక్కడినుంచి బయామో పట్నానికి మనుషుల్ని చేరవేసే పాత కార్లలో ఆకాశనీలం రంగుది అతనిదే. వాళ్ళ నాన్న దెమెత్రియో పెళ్ళినాటి బండి అది. ఇంజను రష్యా ట్రాక్టరుది, స్టీరింగు ఏదో జీపుది, ముందు స్ప్రింగులు పాలవ్యానువి. ఆ స్ప్రింగుల్ని కోసి, వంచి, అందులో కూర్చోబెట్టింది నేనే. నేను వేగీతాస్ పల్లెబడిలో ఆరో తరగతితో చదువు చాలించినవాణ్ణి. అయినా ఈ తూర్పు జిల్లాలో పాత కారు చప్పుడు చేస్తే మొదట చెప్పుకునేది నా పేరే. పెద్ద తుఫాను వచ్చిన ఏడు అంబులెన్సు ముందు ఇరుసు విరిగితే రైలుపట్టా ముక్కతో అతికి నిలబెట్టాను. శవాల బండి చప్పుడుకు ఏడ్చేవాళ్ళ ఏడుపే వినబడటం లేదని కబురంపితే, బండి వీధి మలుపు తిరుగుతుండగానే చెప్పాను, వెనక కమాను కట్టు ఊడిందని. చక్కెర మిల్లువాళ్ళు ఇచ్చిన ప్రశంసాపత్రాలు మా గోడకు ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఓబ్దూలియో శుభ్రమైన మనిషి. రోజూ ఇస్త్రీ చొక్కా. టైర్లను కూడా సబ్బుతో కడుగుతాడు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే, "అమ్మా, అది మీ ఇంటి ఫ్రిజ్ తలుపు కాదమ్మా!" అని ఊరంతా వినబడేలా అరుస్తాడు. ఏటా కారుకు రంగు వేయిస్తాడు. కానీ దాని కడుపు కిందకు వంగి చూసిన పాపాన పోలేదు. అందుకే అతనంటే నాకు మొదటినుంచీ వెగటు. పైన పెళ్ళికొడుకు, కింద మురుగ్గుంట.

ఏటా జరిగే బళ్ళ తనిఖీకి ఇంకా నాలుగు రోజులుందనగా వచ్చాడు. తనిఖీలో తప్పితే మనుషుల్ని ఎక్కించుకునే పర్మిట్టు పోతుంది. పర్మిట్టు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అతనికి వేరే పని రాదు.

"బాబాయ్, ముందు కుడి చక్రం టక్కుటక్కుమంటోంది," అన్నాడు.

"కుడి అని ఎవరు చెప్పారు?"

"చేపలమ్మే ఆవిడ. రోజూ ముందు సీట్లోనే కూర్చుంటుంది కదా. షాక్ అబ్జార్బర్ పోయిందంటే మార్చాను. తగ్గలేదు. పోస్టాఫీసు పెద్దాయన పొగగొట్టం అన్నాడు, కట్టేశాను. తగ్గలేదు."

"ఇంకా నయం, పాస్టరుగారు దెయ్యం పట్టిందనలేదు!"

"అన్నాడు బాబాయ్. నీళ్ళు కూడా చల్లాడు."

మా ఊళ్ళో అంతే. కారెక్కిన ప్రతివాడూ మెకానిక్కే.

నేను చెప్పులు విప్పి ముందు సీట్లో కూర్చున్నాను. రెండు అరికాళ్ళూ నేలరేకుకు ఆనించి, రొట్టెల దుకాణం పక్కనున్న గుంతల దారికి పోనిమ్మన్నాను. గుంతల్లో పెద్దగా చప్పుడు లేదు. అంటే స్ప్రింగు కాదు, షాకూ కాదు. బ్రేకు తొక్కితే ఒక దెబ్బ. వదిలితే ఇంకో దెబ్బ. అంటే ఏదో కీలు వదులై ముందుకీ వెనక్కీ ఆడుతోంది. చెవికి కుడివైపే వినబడింది, చేపలమ్మి తప్పేం లేదు. ఇనుప చట్రంలో చప్పుడు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో చెవి పట్టలేదు. నా ఎడమ పాదానికి మాత్రం దెబ్బ నేరుగా తగిలింది.

ఇంటికొచ్చి ఎడమ చక్రాన్ని చట్రానికి కలిపే ఇనుప చెయ్యి కింద జాకీ పెట్టి లేపాను. అలా పెడితే బరువంతా జాకీ మీదకు వస్తుంది, కీలు వదులుగా దొరుకుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. ఊడబోయే పన్నులా ఆడింది. బాల్ జాయింటు, అంటే గిన్నెలో గుండు తిరిగే కీలు, దాని రబ్బరు తొడుగు లాగాను.

లోపల గ్రీజు లేదు. పందికొవ్వు!

ఆగస్టు ఎండకు అది కుళ్ళి, పచ్చగా కరిగి నా మోచేతి దాకా కారింది. దాంట్లో చీమలు, బొద్దింక కాళ్ళు, తెల్లగా కదిలే పురుగులు. బయటకు పాకాను.

"నీ కారు కింద పంది చచ్చి కుళ్ళుతోందిరా!"

ఓబ్దూలియో సిగ్గుపడలేదు. "అందరూ పెట్టేదే కదా బాబాయ్," అన్నాడు.

నిజమే, అదే నాకు మరీ అసహ్యం. తనిఖీ మనిషి ప్రతి కారునూ మురుక్కాలవ మీదుగా తోలించి చెవి పెట్టి వింటాడు. అందుకని తనిఖీ రోజులొస్తే డ్రైవర్లంతా కసాయి దగ్గర వరసకడతారు. కొవ్వు కూరితే కీలు నాలుగు రోజులు నోరు మూసుకుంటుంది. లోపల అరుగుతూనే ఉంటుంది. ఓబ్దూలియో మూడేళ్ళుగా ఎవరి చేతో కూరిస్తున్నాడు.

"కొత్త కొవ్వు తెచ్చాను. ఈసారికి కూరెయ్యి. తనిఖీ అయ్యాక తీరిగ్గా బాగుచేద్దాం."

"నా చేత్తో కూరను. చక్రం దారిలో మడతపడిపోతుంది."

"పర్మిట్టు పోతే నువ్వు పెడతావా మాకు అన్నం?"

అప్పుడే అతని పెళ్ళాం ఒదాల్మిస్ అన్నం గిన్నెతో వచ్చింది. వాసనకు ముక్కు మూసుకుని, నేలమీద కారిందాన్ని చూసింది.

"ఏమండీ, దీని మీదేనా నా కూతుర్ని బయామో ఆసుపత్రికి తీసుకెళ్ళింది?"

అతను తెచ్చిన కొవ్వును వీపు వెనక దాచాడు.

"బాబాయ్, పీకెయ్యండి అదంతా. ఈయన అరిస్తే నాతో చెప్పండి."

కిరసనాయిలుతో కడుగుతుంటే రెండుసార్లు లేచి వెళ్ళి వాంతి చేసుకున్నాను. చక్కెర మిల్లు లేత్ మిషను మీద తిప్పి కీలుకు కంచు గిన్నె చేశాను. చెరకుబండి కీలు గుండును దానికి వెంట్రుకంత సందు లేకుండా సరిపెట్టాను. బుష్‌లకు, అంటే ఇనుప చెయ్యి కదిలేచోట వేసే మెత్తలకు, మిల్లు బెల్టు రబ్బరు కోశాను. ఇలాంటి పని హవానాలో కూడా దొరకదు. కావాలంటే అక్కడివాళ్ళనే అడగండి.

తనిఖీ రోజు నేనూ వెళ్ళాను. మా ముందున్న కారు వంటింటి సామానంతా దొర్లినట్టు మోగుతూ కాలవ దాటింది. కొవ్వు సంగతి ఈ ఏడు పసిగట్టాడేమో, తనిఖీ చేసే రిగోబెర్తో "మోగేదే నయం" అంటూ దాని వంక చూడనైనా చూడకుండా కాగితం మీద ముద్ర కొట్టాడు. ఓబ్దూలియో కారు పిల్లిలా దాటింది. రిగోబెర్తో నవ్వాడు.

"ఎంత కూరావన్నా?"

"ఏంటి?"

"కొవ్వయ్యా. ఇంత మెత్తగా పోతోందంటే పందిని నిలువునా దింపినట్టున్నావే!"

"ఏమీ కూరలేదు, దేవుడి తోడు!"

"అందరూ దేవుడి తోడే. చక్రం విప్పు."

విప్పించాడు. తొడుగులో వేలు పెట్టి వాసన చూశాడు. నమ్మక రెండో వైపు కూడా విప్పించి చూశాడు. ఓబ్దూలియో ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. చివరికి రిగోబెర్తో వేలు ప్యాంటుకు తుడుచుకుని ముద్ర కొట్టాడు. "ఎవడు చేశాడో గానీ పిచ్చివాడై ఉంటాడు," అన్నాడు నా ముందే. నేను కాలవలోకి ఉమ్మాను.

పర్మిట్టు నిలిచింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

తర్వాతి సోమవారం ఓబ్దూలియో వచ్చి నా గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు.

"బాబాయ్, ఎవరూ ఎక్కట్లేదు."

"ఎందుకని?"

"చప్పుడు లేదుగా. తనిఖీ వారంలో మెత్తగా పోయే కారంటే కొవ్వు కూరిన కారే అంటున్నారు. ప్రాణాల మీద ఆశ లేనివాళ్ళు ఎక్కండి అని చేపలావిడ స్టాండులో అరిచింది. నీ పేరు చెప్పినా వినట్లేదు."

నా పేరు చెప్పినా!

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"కొంచెం... మోగేలా చెయ్యి బాబాయ్. ఎక్కువొద్దు."

వాణ్ణి గుమ్మంలోంచి గెంటేశాను. అంత చదువు నాకు లేదు, మంచి కీలును చెడ్డకీలులా అరిపించే చదువు.

వాడే చేసుకున్నాడు. ఒక పెద్ద బోల్టును తీగకు కట్టి చట్రానికి వేలాడదీశాడు. ఇప్పుడు కారు నిండా జనం. చేపలావిడ ముందు సీట్లోనే కూర్చుంటోందట. వాడు మా వీధిలోంచి పోయినప్పుడల్లా ఆ బోల్టు, నేను కంచుతో చేసి పెట్టిన ఆ కీలు పక్కనే ఇనుప చేతిని కొడుతూ పోతుంది. ప్రతి గుంతకూ ఒక దెబ్బ. నేను లేచి కిటికీ మూసేస్తాను.