రెండు తరాల విమానాల మధ్య మా పక్కింటి అంకుల్

మా పక్కింటి అంకుల్ పోయారని మంగళవారం పొద్దున వాళ్ళమ్మాయి నా ఫోనుకి సందేశం పెట్టింది. నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారని, అమ్మ బాగానే ఉందని, సాయంత్రం రమ్మని. నేనప్పుడు ఆఫీసు మీటింగులో ఉన్నాను. చదువుతుండగానే ఎవరో నన్ను ఏదో అడిగారు. జవాబు చెప్పాను. సరైన జవాబే అయ్యుండాలి, ఎవరూ మళ్ళీ అడగలేదు. మీటింగు అయ్యాక కాఫీ తెచ్చుకుని ముందు పెట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు అది అలాగే ఉంది.

అంత్యక్రియల రోజూ అంతే. మా అపార్టుమెంటు బ్లాకు కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళ సీసాలు అందించమంటే అందించాను. ఆయనతో పనిచేసిన చైనీయులు, మలయ్‌లు, తమిళులు ఒక్కొక్కరే వచ్చి ఆంటీ ముందు తల వంచి వెళ్ళారు. అందరి కళ్ళూ చెమర్చాయి. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు. ఆయన ఎలాంటి మనిషో మాత్రం ఎవరికైనా చెప్పాలనిపిస్తోంది.

మేము ఈ చిన్న ద్వీప దేశానికి, ఈ టాంపినీస్ పేటకు వచ్చింది తొంభైల చివర్లో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తెలియక తికమకపడతాయని లోకమంతా భయపడుతున్న రోజులు. ఆ భయమే నాకు ఉద్యోగం ఇచ్చింది. ఎప్పటివో బ్యాంకు ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని. మావారు యూనివర్సిటీలో రీసెర్చి చేసేవారు. పాప చంకలో పిల్ల. లిఫ్టు దగ్గర్నుంచి సామాను మోసుకొస్తుంటే పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుంది. బనీనులో ఉన్న ఒకాయన మా మాటలు కాసేపు విన్నారు.

"ఏటమ్మా, తెలుగోళ్ళా? మకాన్ అయిందా?" అన్నారు.

మకాన్ అంటే మలయ్‌లో తిండి అని ఆ రోజే తెలిసింది. వాళ్ళ తాత సిక్కోలు వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు కూలికి వచ్చిన మనిషి. సిక్కోలు అంకుల్ ఎన్నడూ చూడలేదు. కానీ ఆ యాస మాత్రం తాత నోట్లోంచి ఈయన నోట్లోకి దిగింది. దారిలో కాస్త తమిళం, కాస్త మలయ్ కలుపుకుంది. అయినా మా గుంటూరు చెవులకు అది సొంత మాటలాగే వినిపించింది.

ఆయన ఇక్కడి వైమానిక దళంలో టెక్నీషియన్. అమెరికావాళ్ళు వాడి పక్కన పెట్టిన యుద్ధ విమానాలను ఈ దేశం ఒకప్పుడు కొనుక్కుంది. వాటిని మళ్ళీ విప్పి, బిగించి, కొన్నేళ్ళకు ఇంజన్లు సైతం మార్చి ఎగరేసింది. అంకుల్ మీసాలు వచ్చిన కొత్తలోనే ఆ పనిలో చేరారు. "దేశం కొత్తది, మేమూ కొత్తోళ్ళం. విమానం ఒక్కటే పాతది. అదే మాకు పని నేర్పింది," అనేవారు. ఇంకాస్త లోతుగా అడిగితే "అది సెప్పకూడదమ్మా" అని వాన గురించి మాట్లాడేవారు.

ఆయన వేలికి ఉంగరం ఉండేది కాదు. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు. ఇంజను దగ్గర ఏ చిన్న వస్తువు జారిపడినా ప్రమాదమట. పెళ్ళి ఉంగరం దేవుడి పటం మేకుకు వేలాడుతుండేది. ఆంటీ దాన్ని చూపించి, "సూడమ్మా, మావోడికి పెళ్ళయింది దేవుడితోనే," అనేది. మా పాప వాళ్ళింట్లో బొమ్మలు వేసుకుంటుంటే, లేచేటప్పుడు అంకుల్ తప్పకుండా పెన్ను మూత ఎక్కడని అడిగేవారు. ఇప్పుడు పెద్దదైన మా పాప ఏ పెన్ను ముట్టుకున్నా మూత వెతుకుతుంది.

రెండువేలు వచ్చింది, కంప్యూటర్లకు ఏమీ కాలేదు. ఆ తర్వాతి ఏడాది నా ఉద్యోగం పోయింది. నాకు తెలిసిన పాత కంప్యూటరు భాష ఇంకెవరికీ అక్కర్లేదు. పాపను తీసుకుని గుంటూరు వెళ్ళిపోదామనీ, మావారు చదువు పూర్తిచేసుకుని వస్తారనీ అనుకున్నాం. పెట్టెలు మంచం కింద నుంచి బయటికి తీశాను. కొత్త కంప్యూటరు భాష ఒకటి నేర్చుకుని పరీక్ష రాస్తే అవకాశం ఉందని ఎవరో అన్నారు గానీ నాకు పుస్తకం తెరవబుద్ధి కాలేదు.

సరిగ్గా అప్పుడే అంకుల్‌కూ అలాంటిదే వచ్చింది. కొత్త జెట్లు వస్తున్నాయి. ఇంజను దగ్గర్నుంచి రెక్క కదలిక దాకా అంతా కంప్యూటరే. వాటి మీద పనిచేయాలంటే ముందు ఇక్కడ పరీక్ష గట్టెక్కాలి. తర్వాత ఏడాదికి పైగా అమెరికాలో శిక్షణ. ఆయనకు నలభై దాటి చాలా ఏళ్ళయింది. మొదటిసారి రాసి తప్పారు. ఆ సంగతి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నాతో చెప్పారు.

"ఫెయిలయిపోనానమ్మా. కుర్రోళ్ళంతా పాసు."

ఆంటీ పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే, "మంచిదే. పాతవి ఉన్నన్నాళ్ళు ఆటి దగ్గరే ఉండమని మీ ఆఫీసులో పెద్దాయన సెప్పినాడు కదా. సాలదా? ఈ వయసులో అమెరికా ఏటి?" అంది.

"పని ఉంటాది. కాదన్నానా?" అన్నారు అంకుల్. "నా సేతికింద నేర్సుకున్నోళ్ళంతా కొత్తదాని దగ్గరికి ఎల్తన్నారు. ఆళ్ళకేదైనా సందేహం వస్తే నన్ను అడగడానికి రారు. అదే నాకు బెంగ."

ఆంటీ చెయ్యి చాపింది. అంకుల్ ఉల్లిపాయలు ఆవిడకు అందించి నా వైపు తిరిగారు.

"నువ్వూ ఆ పుస్తకం పట్రా. ఈ బల్ల మీద జాగా ఉంది. మూట కట్టే ముందు ఆ పరీక్ష కాస్తా రాసెయ్. ఎలిపోడానికేటి, ఎప్పుడైనా ఎలిపోవచ్చు."

అలా సాయంత్రాలు వాళ్ళ భోజనాల బల్ల దగ్గర ముగ్గురం చదివేవాళ్ళం. ఒక కొసన కాలేజీ పరీక్షలకు వాళ్ళమ్మాయి, ఒక కొసన నేను, మధ్యలో అంకుల్. ఆయన పెదవులు కదుపుతూ చదివేవారు. అర్థంకాని చోట వేలు ఆపి కూతురిని అడిగేవారు. "డాడ్, ఇందాకే చెప్పాను లా," అని ఆ అమ్మాయి చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో విసుక్కుంటే, "మళ్ళీ సెప్పు. పాత ఇంజను, వేడెక్కడానికి టైము పడతాది," అనేవారు. రెండోసారి ఆయన పాసయ్యారు. నేనూ పాసయి, ఓడల సరుకు లెక్కలు చూసే ఒక కంపెనీలో చేరాను. పెట్టెలు మళ్ళీ మంచం కిందికి పోయాయి.

ఆయన అమెరికా వెళ్ళిన కొన్ని నెలలకు ఆంటీ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేయాలన్నారు. ఆసుపత్రికి నేను తోడు వెళ్ళాను. ఆ ఆదివారం అంకుల్ ఫోను చేసినప్పుడు ఆవిడ దాచకుండా చెప్పేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి నాకూ వినిపించింది. 

"వచ్చేస్తాను. అడిగితే పంపుతారు," అన్నారు అంకుల్.

"వచ్చి ఏటి సేస్తావు? నువ్వు డాక్టరువా?"

"పక్కన కూకుంటాను."

"కూకోడానికి ఈ పక్కింటి పిల్ల ఉంది. సగంలో వచ్చేస్తే నీ సీటు ఇంకొకడికి ఇస్తారు. ఆ తర్వాత నా మొహం సూసినప్పుడల్లా నీకు అదే గుర్తొస్తాది. నాకొద్దు. నువ్వు వస్తే నేను తలుపు తియ్యను."

ఆయన ఫోను నాకిమ్మన్నారు. స్పీకరు తీసేసి చెవికి పెట్టుకున్నాను. "అమ్మా, దానికి నొప్పొస్తే సెప్పదు. గిన్నెలు గట్టిగా పెడతాది. కాస్త ఇంటూ ఉండు," అన్నారు. గొంతు మొద్దుబారినట్టుంది. నా గొంతు ఈ వారమంతా అలాగే ఉంది.

ఆపరేషన్ అయింది. మందులు ఎక్కించారు. ఆంటీ జుట్టు రాలింది, మళ్ళీ వచ్చింది. అంకుల్ తిరిగొచ్చేసరికి అది చెవుల దాకా పెరిగింది. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతున్నారు. ఆంటీ కుర్చీలో కూర్చుని చూస్తోంది.  ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గిన్నెలు తోమడం ఆయన వంతైంది.

తర్వాతెప్పుడో, "కొత్త విమానం వచ్చింది. ఇంటావిడ మిగిలింది. ఒకదానికి నేను పక్కనున్నాను, రెండోదానికి లేను," అన్నారు. అంతకుమించి ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

కొత్త జెట్లతో ఆయన రిటైరయ్యేదాకా పనిచేశారు. అవి ఎలా ఉంటాయని ఓసారి అడిగాను. "మాటాడతాయమ్మా. ఎక్కడ బాగులేదో తెర మీద అవే సెప్తాయి. పాతవి సెప్పవు. మనమే కనిపెట్టాల," అన్నారు. కొత్తవాటిలో సందేహం వస్తే కుర్రాళ్ళు ఆయన్ని అడిగేవారా అన్నాను. ఆయన మొహం విప్పారింది. "అడిగేవోళ్ళు. కొన్నిటికి నాకూ తెలీదు. అప్పుడు ఇద్దరం కలిసి పుస్తకం తీసేవోళ్ళం."

పాత జెట్లు ఒక్కొక్కటే పని మానేశాయి. కొన్నిటిని కాలేజీల్లో నిలబెట్టారు. పోయిన ఏడాది అంకుల్ గుండె బలహీనపడి చక్రాల కుర్చీలోకి వచ్చాక, అలాంటిదొకటి చూస్తానన్నారు. ఒక శనివారం ఆయన్నీ ఆంటీనీ టాక్సీలో తీసుకెళ్ళాను. ఆ పాత విమానం పచ్చిక మధ్య సిమెంటు దిమ్మ మీద నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో ఆంటీ దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలట. చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"ఇంత సిన్నదా?" అంది.

"సిన్నదే," అన్నారు అంకుల్.

"దీంట్లో ఎంతమంది?"

"ఒక్కడే."

ఆవిడ ఇంకేదో అడగబోతుంటే వాన మొదలైంది, ఈ ఊళ్ళో ఎప్పుడూ వచ్చేలాగే ఒక్కసారిగా. నేను కాలేజీ వరండాలో వదిలిన గొడుగు తెద్దామని పరిగెత్తాను. తిరిగి చూసేసరికి ఆంటీ చక్రాల కుర్చీని రెక్క కిందికి తోసేసింది. రెక్క అంచు నుంచి నీళ్ళు తెరలా దిగుతున్నాయి. అంకుల్ మోకాళ్ళ మీద పడిన తుంపరను ఆవిడ చీరకొంగుతో తుడుస్తోంది. ఆయన ఏదో చెబుతున్నారు. వాన చప్పుడులో నాకు వినిపించలేదు. ఆవిడ తలూపుతోంది. నేను గొడుగు విప్పకుండానే వరండాలో నిలబడిపోయాను.