రెండు ఫౌంటెన్ల పార్కు

కొత్త బూట్లు అమ్మేవాళ్ళు "రెండ్రోజుల్లో కాలికి సర్దుకుంటాయండీ" అంటారు. ఆ రెండ్రోజులూ వాటిని ఎవరి కాలికి తొడిగి ఉంచాలో మాత్రం చెప్పరు. నేను మొదటిరోజే వాటితో గవర్నర్‌పేట నుంచి పార్కు దాకా నడిచాను.

డెబ్భైల మొదట్లో బెజవాడలో కాస్త చదువుకున్న కుటుంబాలకి ఇంట్లో పెళ్ళిచూపులంటే నామోషీ. పార్కులో కలిసేవారు. కలవడం కూడా కాదు, అనుకోకుండా ఎదురుపడేవారు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తకూడదు. నచ్చకపోతే, గాలికోసం వచ్చాం, వెళ్ళాం అంతే. ఎవరి పరువూ పోదు.

అప్పటికి నేను అలా మూడుసార్లు గాలి పీల్చుకుని వచ్చాను. ఈసారి కుదరకపోతే ఇక నా సంగతి పట్టించుకోనని పామర్రులో ఉండే మా మేనత్త తేల్చేసింది. ఆదివారం చర్చి అయ్యాక అమ్మాయివాళ్ళని తనే బస్సులో తీసుకొస్తానంది. నేను వాళ్ళనెప్పుడూ చూడలేదు.

"అయిదింటికి ఫౌంటెన్ దగ్గరుండు" అంది.

తెల్లదొరల కాలంలో వేసిన ఆ పార్కులో ఫౌంటెన్లు రెండు. రెండింట్లోనూ నీళ్ళు లేవు కాబట్టి ఏది అసలుదో తేల్చడం కష్టం. గేటుకి దగ్గరున్నది చాలన్నాయి నా కాళ్ళు. అక్కడి బెంచీ మీద ఒక పెద్దాయన, ఆయన భార్య, ఆకుపచ్చ చీరలో ఒక అమ్మాయి. పెద్దాయన నన్ను చూడగానే జరిగి చోటిచ్చాడు.

ఆవిడ నుదుట బొట్టు చూసి కొంచెం తికమకపడ్డాను. మా క్రైస్తవుల్లోనూ పెట్టుకునేవాళ్ళున్నారు కదా అని సర్దుకున్నాను. మేనత్త కనపడలేదు. మమ్మల్ని మాట్లాడుకోనివ్వాలని పక్కకి తప్పుకుందనుకున్నాను. ఆవిడ జీవితంలో ఎక్కడా తప్పుకున్న మనిషి కాదని అప్పుడు తట్టలేదు.

"ఆటోనగర్ ఎలా ఉందండీ?" అన్నాడాయన.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. "అటు ఎప్పుడోగాని వెళ్ళనండీ" అన్నాను.

"అంటే, పనివాళ్ళే చూసుకుంటారన్నమాట."

ఆటోనగర్‌ని ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉండాలి. "చూసుకుంటారండీ."

ఆయన మొహంలో కూడా తికమక కనిపించింది. కానీ సంగతేమిటని అడగడం పద్ధతి కాదు. "మరి తమరు?" అన్నాడు.

"పదకొండింటికల్లా నా పని అయిపోతుందండీ. భోంచేసి పడుకుంటాను."

అప్పుడా అమ్మాయి మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. నవ్వు ఆపుకుంటున్నట్టుంది. మిగతా మూడుసార్లూ నావైపు ఎవరూ అలా చూడలేదు. ఈ అమ్మాయే అని మనసులో ఒప్పేసుకున్నాను. మేనత్తకి ఆ మాట ఎంత తొందరగా చెబుదామా అని చుట్టూ చూశాను.

ఆవిడే వస్తోంది, పార్కు ఆ చివర నుంచి, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ.

"ఒరే, ఇక్కడ కూచున్నావా? అక్కడ పామర్రువాళ్ళు అరగంట నుంచీ ఆ ఎండిపోయిన ఫౌంటెన్‌నే చూస్తూ కూచున్నారు. వీళ్ళెవర్రా?"

గేటు దగ్గర ఒకతను స్కూటరు ఆపి, తల దువ్వుకుంటూ మావైపే చూస్తున్నాడు. పెద్దాయన అతన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఆటోనగర్లో స్పేర్‌పార్టుల షాపు మీది కాదా?"

"కాదండీ. కాలేజీలో కెమిస్ట్రీ."

లేచి నిలబడ్డాను. అమ్మాయితో ఏదో ఒకటి అనాలనిపించింది. ఏమనాలో ఆలోచిస్తుంటే, అంతసేపూ నోరువిప్పని ఆ అమ్మాయి, వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"ఈయన కాదా అమ్మా? బతికాం."