పంటి బిగువు

సోమవారం ఉదయం పదింటికి ఫిట్టరు రెండో నంబరు పంపు ఆపించి విప్పించాడు. బేరింగు అరిగిపోయిందని అతను చెప్పాడు. తీసి చూస్తే అది కొత్త నాణెంలా మెరుస్తోంది. మళ్లీ బిగించేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పటిదాకా సగం ఊళ్లో కుళాయిలు గాలి ఊదాయి.

పంపుహౌస్‌లో అతన్ని అందరూ చెవి బాబాయ్ అంటారు. పంపు తిరుగుతుండగా సన్నటి ఇనప రాడ్డు ఒక కొసని బేరింగు డబ్బా మీద ఆనించి, రెండో కొసని పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. మోత పంటినుంచి దవడకి, అక్కణ్నుంచి చెవికి ఎక్కుతుంది. ముప్ఫై ఒక్కేళ్లుగా అదే పని. తర్వాత అదురు కొలిచే మీటర్లు వచ్చాయి. మీటరుకీ బాబాయ్‌కీ మాట కుదరకపోతే మీటరునే రిపేరుకి పంపేవాళ్లు.

మూడు వారాల కిందట కుడివైపు కింది దవడలో రెండు పళ్లకి ఫిల్లింగులు వేయించుకున్నాడు. పంటినొప్పి పోయింది కానీ ఒంట్లో నలత పట్టుకుంది. లేవగానే కణతలు బిగుసుకుపోయి ఉంటాయి. చెవిలో తుమ్మెద దూరినట్టు రొద. మెట్లు దిగితే తల తూలుతుంది. తిండి సయించదు. ఆ రొదనే సోమవారంనాడు పంపుకి అంటగట్టాడు.

ఇంజనీరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"వయసు బాబాయ్ గారూ, ఎవరికైనా తప్పదు. శుక్రవారంలోగా డాక్టరు దగ్గర బాగానే ఉన్నట్టు కాగితం తెండి. లేదంటే స్టోర్సులో కూర్చోండి. నీడపట్టున ఉంటారు."

"నీడ కావాలని నేనెప్పుడడిగాను?" అన్నాడు అతను.

పళ్ల డాక్టరమ్మ దగ్గరికి అప్పటికే రెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి అలవాటవుతుందని పంపేసింది. రెండోసారి ఎక్స్‌రే తీసి, అందులో ఏమీ లేదని చెప్పి, "ఇంట్లో టెన్షన్లేమైనా ఉన్నాయా అంకుల్?" అని అడిగి నిద్రమాత్రలు రాసింది. ఆ చీటీని అతను జేబులో పెట్టుకున్నాడు గానీ మందుల షాపు వైపు తొంగి చూడలేదు.

బుధవారం భోజనాల దగ్గర భార్య అంది, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మీ వరస."

"నాలుక బాగానే ఉంది. పన్నే ఎత్తుగా ఉంది."

"ఎక్స్‌రే లేదంటోంది. డాక్టరమ్మ లేదంటోంది. ఉందనేది మీరొక్కరే. మీరు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు."

"లెక్కపెట్టే చెప్తున్నా."

"పోనీ, పంటి బిగువున ఓ నెల ఓర్చుకోండి."

ముద్ద పట్టుకున్న చెయ్యి మధ్యలోనే ఆగింది. "ఏమన్నావు?"

"ఓర్చుకోమన్నా."

"అంతకుముందు."

"పంటి బిగువున అన్నా. ఏం, తిట్టా అది?"

"ఆ బిగువే తప్పుగా ఉందే. తప్పు బిగింపుని ఓర్చుకోమంటే ఎలా?"

అతని పనిలో దీనికో పద్ధతి ఉంది. బేరింగు లోపల నీలిరంగు పూసి షాఫ్టుని కూర్చోబెట్టి తిప్పుతారు. ఎక్కడ రంగు చెదిరితే అక్కడ ఎత్తు. దాన్ని గీకుతారు, మళ్లీ పూస్తారు, మళ్లీ గీకుతారు. ఎత్తుగా ఉన్నచోట షాఫ్టు ఎప్పటికీ అలవాటుపడదు. బేరింగునే తినేస్తుంది. డాక్టరమ్మ కూడా ఫిల్లింగు వేసిన రోజు నోట్లో నీలికాగితం పెట్టి కొరకమంది. కానీ అప్పుడు అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మత్తు సూదికి దవడ కొయ్యబారి ఉంది.

గురువారం మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వాల్చబోతే చేత్తో ఆపాడు.

"పడుకోనమ్మా. నేను కూర్చునే తింటాను. కూర్చోబెట్టే చూడండి."

"కాగితం పెట్టి చూశాను కదా అంకుల్, ఆ రోజే."

"ఆ రోజు దవడ నాది కాదు. మీ సూదిది."

"బయట ఆరుగురున్నారు."

"వాళ్లక్కూడా పళ్లున్నాయి, ఆగుతారు. మీరు చూసేదాకా నేను దిగను."

ఆమె మూతి బిగించి, కాగితం తీసి, కొరకమంది. అతను నిటారుగా కూర్చుని, అన్నం నమిలినట్టు నాలుగుసార్లు నమిలాడు. ఆమె చిన్న అద్దం పెట్టి చూసింది. వెనక పన్ను మీద ఆవగింజంత నీలి చుక్క. మిగతా ఏ పంటి మీదా రంగే లేదు.

"ఇదొక్కటే తగులుతోంది," అంది చివరికి.

"మూడు వారాలుగా తగులుతోంది."

ఆమె చుక్కని అరగదీసింది. మళ్లీ కాగితం పెట్టింది. ఇప్పుడు అన్ని పళ్ల మీదా మచ్చలు పడ్డాయి. "సరిపోయింది అంకుల్."

"లేదు. ముందుకి జరిపి నమిలితే ఇంకా ఉంది."

చూస్తే ఉంది. మళ్లీ అరగదీసింది. మూడోసారి అరగదీశాక అతనే తలూపాడు. మూడు వారాల తర్వాత రెండువైపులా పళ్లు ఒకేసారి కలిశాయి.

ఆమె కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. అతను తలకిందులుగానే చదివి, "టెన్షన్ అని రాయకండి," అన్నాడు.

"మరేం రాయమంటారు?"

"ఉన్నది రాయండి. ఫిల్లింగు ఎత్తుగా ఉంది, మూడుసార్లు అరగదీశాను అని. మనిషి బాగానే ఉన్నాడని కింద వేరేగా."

ఆమె నవ్వలేదు, వాదించనూ లేదు. రాసి సంతకం పెట్టింది. "రెండు వారాల్లో కండరాలు సర్దుకుంటాయి. ఇది మాత్రం నేను ముందే చూడాల్సింది," అంది. ఆ మాట విన్నాకే అతను కుర్చీ దిగాడు.

శుక్రవారం ఇంజనీరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "అయితే లోపం పంటిదా? సరే బాబాయ్ గారూ, సర్దుకునేదాకా స్టోర్సులో ఉండండి."

"వెళ్లను. పంపుల దగ్గరే ఉంటాను. రొద తగ్గేదాకా ఏ పంపు గురించీ ఒక్క మాట చెప్పను. మీటరు ఎలాగూ ఉంది కదా, దాన్నడగండి."

అతన్ని స్టోర్సుకి మార్చే ఆర్డరు కాగితాన్ని ఇంజనీరు సొరుగులో పెట్టాడు. చింపలేదు.

తల తూలడం నాలుగో రోజుకి పోయింది. చెవిలో రొద పోవడానికి పదకొండు రోజులు పట్టింది.