ఎడమ బొటనవేలు

ఒక్క మాట ఏళ్ల తరబడి నా గొంతులో ఇరుక్కుని ఉంది. అప్పుడు అనవలసిన మాట. అననిది. పరికరాలు విప్పి లోపం ఎక్కడుందో చెప్పడం నా వృత్తి. నా లోపాన్ని మాత్రం ఎవరి ముందూ విప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

పాకాలలోని మా చిన్న సంఘంలో, ఆదివారం ఆరాధన ముగిశాక, అంత్యకాల ప్రవచనాల పాఠం నేనే చెప్పేవాణ్ణి. బైబిలు చెప్పే లోకాంతపు మహాశ్రమల కాలంలో కుడిచేతి మీదనో నొసటి మీదనో, క్రీస్తు విరోధి అయిన మృగం ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు; అది వేయించుకున్నవాడికి రక్షణ లేదు. రేషన్ దుకాణానికి వేలిముద్ర యంత్రం వచ్చిన ఏడు, ఆ ముద్రకు ఇదే ఆరంభమని బోర్డు మీద బొమ్మ గీసి వివరించాను. ఆధార్ కార్డు తీసినప్పుడే అందరి పది వేళ్ల ముద్రలూ తీసుకున్నారన్న సంగతి నా పాఠంలో లేదు. యంత్రాలు తెలిసినవాడు చెప్పాడు కనుక అందరూ నమ్మారు.

నేను నమ్మానా?

అంతకు కొద్ది నెలల ముందే మా ఆఫీసులో హాజరు కోసం అలాంటి యంత్రమే పెట్టారు. వేలు పెట్టకపోతే ఉద్యోగం ఉండదు. లేఖనాన్ని మళ్లీ చదివాను. కుడిచెయ్యి అని స్పష్టంగా ఉంది. ఎడమ బొటనవేలు నమోదు చేయించుకున్నాను.

రత్నమ్మక్క చింతపండు గింజలు తీసే కూలికి వెళ్లేది. ఒంటరి మనిషి. పాఠం అయ్యాక గుమ్మం దగ్గర నన్ను ఆపింది.

"ఏం బ్రదరూ, మిసనీల సదువు సదివినోడివి. నేను బొటనేలు పెట్టొచ్చునా, కూడదా? నువ్వేం సెప్తే అదే."

"పెట్టొద్దక్కా."

"అట్లయితే ఆ డీలరుకు నా బియ్యం గూడా మిగిలినట్టే. పోనీలేబ్బా, తిననీ, ఇప్పటికే పొట్ట తలుపులో పట్టడంల్యా!" అని నవ్వింది.

నేనూ నవ్వాను. నా ఎడమచెయ్యి జేబులో ఉంది.

ఆ యంత్రం ఏ వేలైనా తీసుకుంటుంది. అది నాకు తెలుసు. మరి ఎందుకు చెప్పలేదు? ఎడమవేలు ఫరవాలేదంటే, ఇంక అది ముద్ర ఎలా అవుతుందని ఆమె అడిగేది. ఆ ప్రశ్నకు నా బోర్డు మీది బొమ్మ మొత్తం కూలిపోయేది, దాంతోపాటు బ్రదరూ అన్న ఆ పిలుపులోని గౌరవమూ. నా కోసం సందు వెతుక్కున్నాను. ఆమెకు గోడ చూపించాను.

ఆమె మళ్లీ రేషన్ దుకాణానికి వెళ్లలేదు. కూలి దొరకని రోజుల్లో ఉపవాస ప్రార్థన అనేది. నిరుడు జ్వరంతో పోయింది. పస్తులే చంపాయని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఈ వాక్యం నన్ను ఎంత చక్కగా తప్పిస్తుందో చూడండి. పస్తులున్నది మాత్రం నిజం. ఉంచింది నేను.

సమాధి దగ్గర పాస్టరుగారు, ముద్రకు లొంగని విశ్వాసి అని ఆమెను కొనియాడారు. ఆమేన్ అన్నాను. అందరికంటే గట్టిగా.

పాఠం చెప్పడం మానేశాను. ఎందుకని అడిగితే చూపు ఆనడం లేదన్నాను. అదీ అబద్ధమే. ఆఫీసులో ఈ ఉదయమూ అదే వేలు పెట్టాను. పచ్చదీపం వెలిగింది. క్షమించమని ఎవరిని అడగను? అడగవలసిన మనిషి లేదు. ఆ మాట మాత్రం ఇక్కడ రాస్తాను.

ఎడమవేలు పెట్టు, రత్నమ్మక్కా. నేను పెట్టినాను.

రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే.