చివరి పేరు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో దేశ రాజధానిలోని లక్ష్మీ నగర్‌లో, ఒక స్వీట్ల దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని సొంతంగా కోచింగ్ పెట్టాను. సీఏ చదివే పిల్లలకి అకౌంట్స్ నేనే చెప్పేదాన్ని. లెక్కలు చెప్పడానికి కరీంనగర్ నుంచి వచ్చిన ఒక మాస్టారిని పెట్టుకున్నాను. ఆయన జీతం పన్ను పడేంత పెరిగాక, నెలనెలా అందులోంచి కొంత కోసి పక్కన పెట్టాను. పదిమందికి పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియనిదేముందని ధీమా.

మార్చిలో ఆ పన్ను కట్టడానికి బ్యాంకుకు వెళ్తే చలానాలో "టాన్" అని ఒక గడి ఉంది. అచ్చుతప్పనుకుని నా పాన్ నంబరు వేసేశాను. కౌంటర్‌లో ఆవిడ కాగితం వెనక్కి తోసింది.

"దీదీ, యే తో పాన్ హై. టాన్ లిఖియే."

మన పన్ను మనం కట్టుకోవడానికి పాన్. జీతమిచ్చేవాళ్లు ఇంకొకరి పన్ను కోసి కట్టడానికి టాన్. రెండూ వేరట. ఈ ముక్క నాకు బ్యాంకు కౌంటర్లో ఆవిడ చెప్పాల్సి వచ్చింది. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్నట్టయింది నా పని.

నంబరు లేనిదే పన్ను జమ కాదు. జమ కానిదే మాస్టారికి ఫారం 16 ఇవ్వలేను. ఆయన జీతమింత, పన్ను కట్టాం అని నేను రాసివ్వాల్సిన కాగితమది. అది చూపిస్తేనే ఆయనకి ఇంటి లోను. ఊళ్లోనే ద్వారక అనే పేటలో, ఒక సొసైటీలో ఫ్లాట్ చూసుకున్నారు. అమ్మేవాళ్లు మే నెలాఖరు దాకే ఆగుతామన్నారు.

"జర జల్ది చూడుండ్రి మేడమ్. మా ఇంటామె వంటింటి అరలకు కొలతలు గూడ తీస్కున్నది."

"వారంలో వచ్చేస్తుంది మాస్టారూ, మీరేం కంగారు పడకండి," అన్నాను.

టాన్ దరఖాస్తులో పేరు రాసే చోట మొదటి గడి లాస్ట్ నేమ్. అక్కడే నా కర్మ కాలింది. మొదటిసారి అలవాటు కొద్దీ ఇంటిపేరుకి ఒక్క అక్షరం రాశాను. పొడి అక్షరాలు కుదరవని వెనక్కి పంపారు. రెండోసారి బుద్ధిగా మా అత్తవారి ఇంటిపేరు పూర్తిగా రాశాను. పాన్‌లో పేరుతో కలవడం లేదని మళ్లీ వెనక్కి వచ్చింది. రెండు వారాలు ఒకసారి, మూడు వారాలు ఇంకోసారి పోయాయి.

కలవదు మరి. ఎప్పుడో పాన్ తీసుకునేటప్పుడు, లాస్ట్ నేమ్ అంటే చివర వచ్చే పేరే కదా అని నా పేరు రాశాను. మనకి ఇంటిపేరు ముందు, మనిషి పేరు చివర. చివరిది అడిగారు, చివరిది ఇచ్చాను. ఇందులో నా తప్పేమిటో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

టాన్ దరఖాస్తులు తీసుకునే కౌంటర్‌లో కూర్చున్నాయన నా పాన్, దరఖాస్తు పక్కపక్కన పెట్టి అడిగాడు.

"మేడమ్, ఆప్‌కా సర్‌నేమ్ హై క్యా ఆఖిర్?"

"ఇదిగో ఇది. పాన్‌లో ఉన్నది నా పేరు."

నేను తెలుగులో మాట్లాడుతున్నానని కూడా నాకు తెలియలేదు. "ముందేదో వెనకేదో మీరు సరిగ్గా అడిగి చావరు, నన్ను తిప్పుతారు!" అని అరిచాను. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనక లైన్లో ఎవరో "ఆంటీ, జల్దీ కీజియే" అన్నారు. ఏడుపొచ్చింది.

మూడోసారి కోపం దిగమింగుకుని, పాన్‌లో ఉన్నట్టే, నా పేరునే నా ఇంటిపేరుగా రాసిచ్చాను. జూన్ మొదటి వారంలో పోస్టులో నంబరు వచ్చింది. ఆ రోజే డబ్బు కట్టాను. మిగతా కాగితాలన్నీ పూర్తి చేసి, సంతకం పెట్టి, మాస్టారి చేతిలో ఫారం 16 పెట్టాను.

ఆయన దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. ఫ్లాట్ అప్పటికే వేరేవాళ్లు కొనుక్కున్నారు.

"ఇంకోటి చూసుకోండి మాస్టారూ," అన్నాను.

"చూస్త మేడమ్." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. నవ్వుతూనే అన్నారు. "మీ ఇంటిపేరు కాడ్నే ఆగిపాయె నా ఇల్లు."

లోపల పిల్లలు పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. ఆ రోజు చెప్పాల్సింది జీతంలో పన్ను కోత గురించి. పాఠం చెప్పలేక అందర్నీ ఇంటికి పంపేశాను.